రొమేనియన్ ఉదాహరణ వాక్యాల యాప్ రివ్యూ: చలేస్తోంది అనమంటే ఇంకేదో అనిపించింది నాతో

ముందే చెప్తున్నా, యాప్ పేరు రాయట్లేదు. పొగిడితే డబ్బులు తీసుకున్నాడంటారు, తిడితే పోటీవాళ్ళ మనిషంటారు, రెండూ నాకొద్దు. ఇలాంటివి ఓ నాలుగైదు ఉన్నాయి, అన్నీ ఒకటే బాపతు. పైన డబ్బాలో ఇంగ్లీష్ మాట గానీ మాటల ముక్క గానీ కొడితే, ఆ ముక్క వాడిన ఇంగ్లీష్ వాక్యాలు ఎడమవైపు, వాటి రొమేనియన్ వాక్యాలు కుడివైపు వస్తాయి, మనం వెతికిన ముక్క రెండు పక్కలా పసుపు రంగులో కనిపిస్తుంది. ఒక్కో ముక్కకి ఇరవై ముప్పై వాక్యాలు. డిక్షనరీలా ఒక మాటకి ఒక అర్థం ఇచ్చి చేతులు దులుపుకోదు, జనం దాన్ని ఎలా వాడారో చూపిస్తుంది, అదీ దీని గొప్ప.

నేను రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఫుడ్ డెలివరీ చేస్తా. పది నెలలైంది ఈ యాప్ నా ఫోన్లో ఉండబట్టి, మొదటి ఆరు నెలలు ఫ్రీది, తర్వాత డబ్బులు కట్టి. కాబట్టి ఇది రెండ్రోజులు వాడి రాసిన రివ్యూ కాదు, వానలో స్కూటర్ ఆపి బ్లాక్ గుమ్మంలో నిలబడి తడి వేళ్ళతో టైప్ చేసి వాడిన రివ్యూ. ఇక్కడి అడ్రస్‌లు ఎలా ఉంటాయంటే వీధి, నంబరు, తర్వాత బ్లాక్, తర్వాత స్కార, అంటే ఆ బ్లాక్‌లో ఏ మెట్ల గుమ్మం అని, తర్వాత అంతస్తు, తర్వాత అపార్ట్‌మెంట్. ద్రూముల్ తబెరెయ్, తితాన్, మిలితార్ లాంటి ఏరియాల్లో అన్నీ ఒకేలాంటి కాంక్రీట్ బ్లాకులు, తప్పు స్కార ముందు నిలబడితే ఇంటర్‌ఫోన్‌లో ఎవడో తగులుకుంటాడు, వాడితో మాట్లాడాలి. నా అవసరం అదన్నమాట. సాహిత్యం చదవడానికి కాదు, 'నేను కిందే ఉన్నాను, మీది ఏ స్కార' అని అడగడానికి.

మొదటి దెబ్బ మొదటి నెలలోనే తగిలింది. కస్టమర్‌ని కిందకి రమ్మనాలి, లిఫ్ట్ పనిచేయట్లేదు, ఎనిమిదో అంతస్తు. యాప్‌లో 'కమ్ డౌన్' కొట్టా. పైనే వచ్చింది 'వినొ జోస్' అని, దాని కింద పది వాక్యాలు, అన్నింట్లో అదే. సరే అని మెసేజ్ పెట్టేశా. ఒక పెద్దాయన దిగొచ్చాడు, మొహం ఎర్రగా ఉంది, ఆర్డర్ తీసుకున్నాడు, ఇంగ్లీష్‌లో ఒక్క ముక్క అన్నాడు, మనిద్దరం కలిసి చదువుకున్నామా అని. అప్పటికి నాకర్థం కాలేదు. ఇంటికొచ్చి చూస్తే 'వినొ' అంటే 'రా'. 'రండి' కాదు, 'రా'. అంటే తాత వయసున్న మనిషిని 'రా కిందకి' అని పిలిచా. తెలుగువాడికి ఇంతకంటే సిగ్గు ఇంకేముంటుంది చెప్పండి.

ఇక్కడే ఈ యాప్‌లన్నింటి అసలు జబ్బు. రొమేనియన్‌లో 'తు' అంటే నువ్వు, 'దుమ్న్యవ్వాస్త్ర' అంటే మీరు, మధ్యలో 'దుమ్న్యత' అని ఇంకోటుంది, అటు నువ్వూ కాదు ఇటు పూర్తి మీరూ కాదు, ఊళ్ళల్లో పెద్దవాళ్ళు ఎక్కువ అంటారు. క్రియ కూడా దాంతోపాటే మారుతుంది, 'నాకు సాయం చేయగలవా' అంటే 'పోత్స్ స మ అఝుత్స్', 'చేయగలరా' అంటే 'పుతెత్స్ స మ అఝుతాత్స్'. అచ్చం మనలాగే. కానీ మధ్యలో ఇంగ్లీష్ కూర్చుందిగా, ఇంగ్లీష్‌లో ఉన్నది ఒక్కటే 'యూ'. మనం టైప్ చేసే మాటలో మర్యాద అనేదే లేదు, అవతల వచ్చే వాక్యాల్లో సగం నువ్వు సగం మీరు, ఏది ఏదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. సినిమా డైలాగులు ఎక్కువ కాబట్టి పైకి తేలేవి నువ్వు వాక్యాలే. ఒక చిన్న గుర్తు పెడితే ఏం పోయింది వీళ్ళకి? వాక్యం చివర మీరు రూపం, నువ్వు రూపం అని రెండు రంగులు చాలు. డబ్బు కట్టించుకునే వెర్షన్‌లో కూడా లేదు. నేను ఇప్పుడు చేసే పని ఏంటంటే ఇంగ్లీష్ ముక్కకి 'సర్' తగిలిస్తా, 'కమ్ డౌన్ సర్', 'హెల్ప్ మీ సర్' అని, అప్పుడు కొంచెం మర్యాద వాక్యాలు పైకొస్తాయి. అలా దొరికిందే 'వెనీత్స్ జోస్, వ రోగ్'. రండి కిందకి, దయచేసి. ఇది మాత్రం బంగారం, రోజుకి ఇరవైసార్లు వాడతా.

రెండో కథ చలికాలంది. మా బ్లాక్‌లో గది గోడకి రేడియేటర్ ఉంటుంది, ఇక్కడివాళ్ళు కలొరిఫేర్ అంటారు, అది వేడెక్కట్లేదు. బ్లాక్ చూసుకునే అడ్మినిస్ట్రేటర్ ఉంటాడు ప్రతి బ్లాక్‌కి, ఆయనకి చెప్దామని వెళ్ళా. యాప్ ఇచ్చిన మాట 'సుంత్ రెచె'. సుంత్ అంటే ఉన్నాను, రెచె అంటే చల్లగా. ఆయన నా మొహం చూశాడు, నా చెయ్యి పట్టుకుని చూశాడు, నిజంగా పట్టుకున్నాడు, తర్వాత నవ్వాడు. నేనన్నదానికి అర్థం 'నేను చల్లగా ఉన్నాను', శవం చల్లగా ఉన్నట్టు, లేకపోతే మనసు రాయిలా ఉన్నోడినని. అసలు అనాల్సింది 'మ్యె ఫ్రిగ్'. మాటకి మాట వేస్తే నాకు చలి. అంతే! నాకు చలి! తెలుగులో అనుకున్నది తెలుగులా చెప్పుంటే సరిపోయేది, మధ్యలో ఇంగ్లీష్‌లోకి మార్చి, దాన్ని మళ్ళీ రొమేనియన్‌లోకి మార్చి, పాడు చేసుకున్నా.

ఆరోజు రాత్రి కూర్చుని వరసగా వెతికా. 'మ్యె ఫ్వామె' నాకు ఆకలి. 'మ్యె సెతె' నాకు దాహం. 'మ్యె సోమ్న్' నాకు నిద్ర. 'మ్యె ఫ్రిక' నాకు భయం. 'మ్యె రుషినె' నాకు సిగ్గు. 'మ్యె లెనె' నాకు బద్ధకం. ఒక్కటి కూడా 'నేను ఆకలి' కాదు, అన్నీ నాకు నాకు నాకు. నచ్చడం చూడండి, 'ఇమి ప్లాచె సూప' అంటే నాకు సూప్ నచ్చుతుంది, అదే సర్మాలె అనుకోండి, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండుతారు, అవి చాలా ఉంటాయి కాబట్టి 'ఇమి ప్లాక్ సర్మాలెలె', నాకు సర్మాలెలు నచ్చుతాయి. నచ్చేది ఒకటైతే క్రియ ఒకలా, ఎక్కువైతే ఇంకోలా, నచ్చింది నచ్చాయి ఎలాగో అలాగే. ఇంగ్లీష్‌లో మాత్రం ఎప్పుడూ 'ఐ లైక్', తినేవాడు ముందు కూర్చుంటాడు. వయసు అంతే, వాళ్ళు 'నాకు ఇన్ని ఏళ్ళు ఉన్నాయి' అన్నట్టే అంటారు, నేను ఇన్ని ఏళ్ళవాణ్ణి అనరు.

మెట్రోలో రోజూ వినే అనౌన్స్‌మెంట్ ఉంది, 'అతెన్త్సియె, సె ఇంకిద్ ఉషిలె'. యాప్‌లో కొడితే 'డోర్స్ ఆర్ క్లోజింగ్'. ఆ మధ్యలో 'సె' ఏంటో యాప్ చెప్పదు, పసుపు రంగు కూడా దాన్ని దాటేస్తుంది. మనకి చెప్పక్కర్లేదు కూడా, తలుపులు మూస్తున్నాయి కాదు మూసుకుంటున్నాయి, ఆ 'కొను' ఉంది చూశారా అదే ఆ 'సె'. కడుక్కోవడం, వేసుకోవడం, దువ్వుకోవడం అన్నిటికీ వాళ్ళకి ఇలాంటి ముక్క ఒకటి అతుక్కుంటుంది. ఇది తెలిశాక నాకు సగం గ్రామర్ దానంతటదే వచ్చేసినట్టయింది. కాస్త ఎక్కువ చెప్తున్నానేమో, భాషల వంశం ఒకటేం కాదు, వాళ్ళది లాటిన్ కడుపున పుట్టింది, మనది ద్రవిడ భాష. పదాలు పెద్దగా కలవవు. కానీ వాక్యం కట్టే తీరులో మాత్రం ఇన్నిచోట్ల ఇంగ్లీష్‌ని పక్కన పెట్టి మనతో నడుస్తుందని ఎవరూ చెప్పలేదు నాకు.

దారి అడిగేటప్పుడు ఇంకో ముచ్చట. 'ఎక్స్‌క్యూజ్ మీ' కొడితే యాప్ పైన 'స్కుజాత్స్ మ' ఇస్తుంది, తప్పేం కాదు, అందరికీ అర్థమవుతుంది. కానీ రోడ్డు మీద చెవి పెట్టి వినండి, పెద్దవాళ్ళు తెలియనివాళ్ళని ఆపి అడిగేటప్పుడు 'ను వ సుపరాత్స్' అంటారు. అర్థం? కోపం తెచ్చుకోకండి. అంటే మన 'ఏమీ అనుకోకండి, పోస్టాఫీస్ ఎటండీ' అన్నట్టు. యాప్‌లో ఇది ఉంది, లేదనను, ఎక్స్‌క్యూజ్ మీ కింద చాలా దూరం స్క్రోల్ చేస్తే ఎక్కడో వస్తుంది. నేను మాత్రం మా కింది అంతస్తు పెద్దావిడ నోట విన్నాకే యాప్‌లో వెతికా. ఆ పెద్దావిడ గురించి మళ్ళీ వస్తా.

'మిస్' అనే మాట మీద మాత్రం యాప్‌కి ఫుల్ మార్కులు. డిక్షనరీలో చూస్తే తల తిరుగుతుంది, ఇక్కడ వాక్యాలు పక్కపక్కన ఉండేసరికి ఐదు నిమిషాల్లో తేలిపోయింది. ట్రైన్ మిస్సయితే 'అమ్ ప్యెర్దుత్ త్రెనుల్', పోగొట్టుకున్నా అన్నట్టు. గోల్ మిస్సయితే 'అమ్ రతాత్'. మనిషి మిస్సయితే 'మ్యె దోర్ దె తినె'. ఈ దోర్ అనే మాటకి వేరే భాషలో మాట లేదని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, నాకూ ఇద్దరు ముగ్గురు చెప్పారు. నేను ఊరుకున్నా కానీ మనసులో అనుకున్నా, ఎందుకు లేదు బాబూ, బెంగ లేదా? అమ్మ మీద బెంగగా ఉంది, ఊరి మీద బెంగ పెట్టుకున్నాడు. 'మ్యె దోర్ దె మామ'. దీనికి ఇంగ్లీష్‌లో నిజంగానే మాట లేదు, అందుకే యాప్ దోర్ దగ్గర ఏడు ఎనిమిది ఇంగ్లీష్ మాటలు పోసి తికమక పడుతుంది.

ఇక ఈ వాక్యాలు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలుసుకుంటే చాలా చిరాకు తగ్గుతుంది. ఎవరో టీచర్ కూర్చుని రాసినవి కావు. రెండు పెద్ద బావులున్నాయి. ఒకటి సినిమా సబ్‌టైటిల్స్, రొమేనియాలో బయటి సినిమాలకి డబ్బింగ్ బాగా తక్కువ, చిన్నపిల్లల కార్టూన్లు వదిలేస్తే అన్నీ సబ్‌టైటిల్స్‌తోనే చూస్తారు, కాబట్టి ఇంగ్లీష్ డైలాగ్ రొమేనియన్ డైలాగ్ జంటలు కుప్పలు కుప్పలు. రెండోది యూరోపియన్ యూనియన్ కాగితాలు. 2007 జనవరి 1న రొమేనియా యూనియన్‌లో చేరింది, అప్పట్నుంచి రొమేనియన్ కూడా అక్కడ అధికార భాష, చట్టాలు, చాలా రిపోర్టులు రెండు భాషల్లోనూ ఉంటాయి. కంప్యూటర్ ఆ రెండు కుప్పల్నీ వాక్యానికి వాక్యం జతచేసి మనకి వడ్డిస్తుంది. దాంతో ఏమవుతుందంటే మీరు 'టేక్ కేర్' అని కొడితే ఒక వాక్యంలో హీరో చచ్చిపోతూ తమ్ముడికి జాగ్రత్త చెప్తుంటాడు, దాని కింద వాక్యంలో సభ్యదేశాలు పశువుల దాణా విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్త. మామూలు మనిషి కస్టమర్‌కి జాగ్రత్తండీ అని చెప్పేది రెండిట్లోనూ ఉండదు. 'చెక్ ప్లీజ్' కొట్టి చూడండి, బ్యాంక్ చెక్కు ఒకటి, సరిచూడండి ఒకటి, ఎక్కడో కింద 'నోత, వ రోగ్' అని హోటల్ బిల్లు. హోటల్లో కూర్చున్నోడికి కావాల్సింది మూడోది.

సబ్‌టైటిల్స్‌లో ఇంకో గొడవ, వాటిని రాసినోళ్ళలో కొందరు ఇంగ్లీష్‌ని మక్కీకి మక్కీ దింపేస్తారు. 'మేక్స్ నో సెన్స్' అనేదానికి మంచి రొమేనియన్ 'ను ఆరె సెన్స్', అర్థం లేదు అని, మన లెక్కే. యాప్‌లో 'ను ఫాచె సెన్స్' కూడా బోలెడు కనిపిస్తుంది, అంటే అర్థం చేయదు అన్నట్టు. కుర్రాళ్ళు ఇప్పుడు అలాగే అంటున్నారనుకోండి, కానీ భాష తెలిసినోళ్ళ ముందు అంటే మొహం చిట్లిస్తారు. యాప్‌కి తేడా తెలీదు, ఎక్కువసార్లు కనిపిస్తే అదే కరెక్ట్ దానికి.

జాతీయాల విభాగం అని ఒకటుంది, డబ్బు కట్టినోళ్ళకే తెరుచుకుంటుంది. ఒప్పుకుంటా, నేను డబ్బు కట్టింది దానికోసమే, మిగతా ఏదీ కాదు. ఇంగ్లీష్‌వాళ్ళు కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయంటారు కదా, దానికి రొమేనియన్ 'ప్లోవ కు గల్యాత', బకెట్‌తో కురుస్తోంది. కుండపోత! వాళ్ళకి బకెట్, మనకి కుండ, అంతే తేడా. తేలికైన పనికి 'ఫ్ల్వారె ల ఉరెకె' అంటారు, చెవి దగ్గర పువ్వు, మనం నల్లేరు మీద బండి నడక అన్నట్టు. ఎప్పటికీ జరగని పనికి 'ల పాష్తెలె కాయిలోర్', గుర్రాలు ఈస్టర్ పండగ చేసుకున్నప్పుడు జరుగుతుందిలే అని. మా రూమ్మేట్‌కి అది భలే నచ్చింది, జీతం ఎప్పుడు పెంచుతార్రా అంటే ఇప్పుడు ఇదే అంటున్నాడు. ధైర్యం చేయడానికి గుండెని పళ్ళ మధ్య పెట్టుకోవడం, పని చేయకుండా కూర్చున్నోణ్ణి పుదీనా రుద్దుతున్నాడనడం, చూసీ చూడనట్టు ఉన్నోణ్ణి వాన పడుతున్నట్టు నటిస్తున్నాడనడం, ఇవన్నీ చదువుతుంటే టైమ్ తెలీదు. కానీ వాడకం? పది నెలల్లో నేను నోటితో వాడినవి మూడు. చదువుకోవడానికి సరదా, డెలివరీకి పనికిరాదు. ఇంకా ఘోరం ఏంటంటే కొన్ని ఇంగ్లీష్ జాతీయాలకి పదానికి పదం దింపేసిన అనువాదం పెట్టి పక్కన టిక్ మార్కు కూడా వేశారు, స్టేజ్ ఎక్కేవాడికి ఆల్ ద బెస్ట్ చెప్పే 'బ్రేక్ ఎ లెగ్'కి నిజంగానే కాలు విరగ్గొట్టుకో అని. ఇక్కడివాళ్ళు 'బాఫ్త' అంటారు, లేకపోతే 'సుక్చెస్'. కాలు విరగ్గొట్టుకోమని చెప్తే మీ కాలు విరగ్గొడతారు.

స్పెల్లింగ్ తలనొప్పి వేరే. రొమేనియన్‌లో లాటిన్ అక్షరాలకే తోకలూ టోపీలూ ఉంటాయి, అలాంటివి ఐదు. తోక వదిలేసి టైప్ చేస్తే మాటే మారిపోతుంది. 'పెష్తె' అంటే చేప, తోక తీసేస్తే 'పెస్తె', అంటే మీద, పైన అని. ఒక కస్టమర్ మెసేజ్‌లో తోక లేకుండా పెట్టాడు, వాళ్ళూ బద్ధకంతో పెట్టరు ఫోన్లో, యాప్ నాకు 'మీద' వాక్యాలు ముప్పై చూపించింది. చేప సూప్ ఉందా అని అడుగుతున్నాడు పాపం ఆయన. ఇంకోటి, అక్షరం కింద ఆ తోక రెండు రకాలు, ఒకటి కామాలా విడిగా ఉంటుంది, ఒకటి అక్షరానికి అతుక్కుని ఉంటుంది, పాత కంప్యూటర్లలో కామాది ఉండేది కాదు కాబట్టి పాత ఫైళ్ళన్నీ రెండోదాంతో ఉన్నాయి. కంటికి రెండూ ఒకటే, యాప్‌కి రెండు వేరు, ఒకదాంతో వెతికితే ఇంకోదాని వాక్యాలు రావు. ఇలాంటిది కూడా చూసుకోకపోతే డబ్బులు ఎందుకు తీసుకుంటున్నట్టు. పాత వాక్యాల్లో 'సింత్' అనీ కొత్తవాటిలో 'సుంత్' అనీ ఉంటే కంగారు పడకండి, 1993లో రొమేనియన్ అకాడమీ స్పెల్లింగ్ మార్చింది, ఇప్పుడు రాయాల్సింది సుంత్. భాషల మెనూలో మోల్దోవన్ అని విడిగా ఇంకో భాష కూడా పెట్టారు, నొక్కితే ఇవే వాక్యాలు వస్తాయి, ఎందుకంటే అది ఇదే. పక్కదేశం మోల్దోవా పార్లమెంటే 2023లో చట్టాల్లో భాష పేరు రొమేనియన్ అని మార్చేసింది, వీళ్ళ మెనూ మాత్రం మారలేదు.

డబ్బు లెక్కలు చెప్పేటప్పుడు మాత్రం ఈ వాక్యాల పద్ధతి బాగా పనికొచ్చింది, ఏ రూల్ చదవకుండా చూసి చూసి పట్టేశా. పందొమ్మిది వరకు నేరుగా 'నోవస్ప్రెజెచె లెయ్', లెయ్ అంటే ఇక్కడి డబ్బు, ఇరవై దగ్గర్నుంచి మధ్యలో ఒక 'దె' దూరుతుంది, 'దోవజెచ్ దె లెయ్'. వంద దాటాక నూటొకటి నుంచి నూటపందొమ్మిది వరకు మళ్ళీ దె లేదు, నూటఇరవైకి మళ్ళీ వస్తుంది. క్యాష్ ఆర్డర్ ఉన్నోళ్ళు ఇది నేర్చుకోండి, ఇది సరిగ్గా పలికితే భాష వచ్చినోడు అనుకుంటారు. 'రెస్త్' అన్న మాట దగ్గర నేను రెండు వారాలు వెర్రిమొహం వేశా, కస్టమర్ డబ్బులిచ్చి 'పస్త్రాత్స్ రెస్తుల్' అంటే రెస్ట్ తీసుకో అంటున్నాడనుకుని, నవ్వి థాంక్స్ చెప్పి జేబులోంచి చిల్లర తీసి ఇచ్చేసేవాణ్ణి. రెస్త్ అంటే చిల్లర, చిల్లర ఉంచుకోండి అంటున్నారు వాళ్ళు! ఎన్ని లెయ్ పోయాయో. దీనికి యాప్‌ని తిట్టను, నేనే వెతకలేదు.

చిల్లర అంటే గుర్తొచ్చింది, టిప్‌కి ఇక్కడ మాట 'బక్షిష్'. అవును, మన బక్షీసే. తుర్కుల పాలన నీడలో వందల ఏళ్ళున్న నేల కదా, అటునుంచి వచ్చిన మాటలు బోలెడు, శత్రువుకి 'దుష్మన్', ఇంటికొచ్చిన చుట్టానికి 'ముసఫిర్'. కానీ యాప్‌లో 'గెస్ట్' అని కొడితే పైన వచ్చేవి వేరే మాటలు, హోటళ్ళవీ కాగితాలవీ. ముసఫిర్ కిందెక్కడో ఉంటుంది. ఇంగ్లీష్ నుంచి వెళ్తే అందరూ వాడే మాట చివర దొరుకుతుంది, రొమేనియన్ నుంచి వెనక్కి వెళ్తే తేలిగ్గా దొరుకుతుంది. అందుకే నేను ఇప్పుడు యాప్‌ని తిప్పి వాడుతున్నా. రోడ్డు మీద విన్న మాట గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చి రొమేనియన్ వైపు టైప్ చేసి, ఎడమవైపు ఇంగ్లీష్ చదివి, దాన్ని మళ్ళీ మనసులో తెలుగు చేసుకుంటా. ఈ పద్ధతిలో యాప్ విలువ రెట్టింపయింది. మాట అర్థం మీదే అనుమానం ఉంటే డెక్స్‌ఆన్‌లైన్ అని ఫ్రీ డిక్షనరీ సైట్ ఉంది, పూర్తిగా రొమేనియన్‌లోనే ఉంటుంది కాబట్టి మొదట్లో కష్టం, ఓ ఆర్నెల్లయ్యాక ఓకే.

అసలు ఇంగ్లీష్‌లో లేనివి ఈ యాప్‌లో ఎలా వెతుకుతారు? కొత్త చొక్కా వేసుకుంటే ఇక్కడ 'సో పోర్త్స్ సనతోస్' అంటారు, ఆరోగ్యంగా తొడుక్కో అని. పనిలో ఉన్నోణ్ణి చూసి 'స్పోర్ ల త్రెయాబ', పని గబగబా సాగాలి అని దీవెన లాంటిది. పెళ్ళిలో కొత్త జంటకి 'కాస దె ప్యాత్ర', రాతి ఇల్లు, అంటే కాపురం గట్టిగా నిలబడాలి అని. వీటికి ఇంగ్లీష్ గుమ్మమే లేదు, ఏం కొట్టి వెతకాలో తెలీదు. ఉన్నాయని తెలిసేది మనుషుల వల్లే.

అక్కడికే వస్తున్నా, మా కింది అంతస్తు పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. నేను ఆవిడని 'ద్వామ్న' అంటా, మేడమ్ అన్నట్టు, గుమ్మంలో కనపడితే 'సరుత్ మిన' అంటా, చేతికి ముద్దు అని అర్థం, పెద్దాడవాళ్ళకి చెప్పే నమస్కారం, యాప్‌లో దీన్ని పాతకాలం మాట అని రాశారు గానీ మా బ్లాక్‌లో పిల్లలు కూడా అంటారు. ఆవిడ తిరిగి ఒకరోజు 'చె ఫాచ్, మమ' అంది. ఇంటికొచ్చి కొట్టా. యాప్ చెప్పింది: అమ్మా, ఏం చేస్తున్నావు. నేను ఆవిడకి అమ్మనెలా అయ్యా? వాక్యాలు నలభై చదివా, ప్రతి దాంట్లో ఎవడో వాళ్ళ అమ్మని పిలుస్తున్నాడు, లేదా అలా అనువాదం చేసేశారు. తర్వాత తెలిసింది, ఇక్కడ పెద్దావిడలు పిల్లల్నీ పిల్లల్లాంటివాళ్ళనీ 'మమ' అని పిలుస్తారు, తండ్రులు కొడుకుని 'తత' అంటారు. ఏం నాన్నా, అన్నం తిన్నావా అని మనం పిల్లాణ్ణి అడగమూ? అదే ఇది. ఇంగ్లీష్‌లో ఏ అమ్మా కొడుకుని అమ్మా అని పిలవదు కాబట్టి యాప్‌కి అది బుర్రకెక్కలేదు. నాకైతే రెండు సెకన్లలో ఎక్కింది, నలభై వాక్యాలు చదివాక అనుకోండి.

కాబట్టి రేటింగ్ అడిగితే ఫ్రీ వెర్షన్‌కి ఐదులో నాలుగు, డబ్బు వెర్షన్‌కి రెండు. నెలకి 25 లెయ్, అంటే దోవజెచ్ షి చించ్ దె లెయ్, దె మర్చిపోకండి, దానికి వచ్చేది జాతీయాల విభాగం, ఆఫ్‌లైన్, యాడ్స్ లేకపోవడం. ఆఫ్‌లైన్ అని పేరే గానీ అందులో ఒక్కో మాటకి మూడు వాక్యాలే ఉంటాయి. ఆడియో యంత్రం గొంతు, టోపీ ఉన్న అక్షరాన్ని ఒక్కోసారి టోపీ లేనట్టే పలుకుతుంది, దాన్ని విని ఉచ్చారణ నేర్చుకోకండి, ట్రామ్ ఎక్కి పక్కవాళ్ళ ఫోన్ మాటలు వినండి, ఉత్తినే దొరుకుతుంది. కొత్తగా వచ్చినోళ్ళు ఫ్రీది పెట్టుకుని 'సర్' తగిలించే చిట్కా వాడుకోండి, పెద్దవాళ్ళకి పంపే ముందు క్రియ చివర 'త్స్' వినిపిస్తోందా లేదా చూసుకోండి. ఇదీ గుడ్డి గుర్తే, పోత్స్ లాంటి నువ్వు మాటల్లో కూడా ఒక్కోచోట త్స్ ఉంటుంది, కానీ 'ఆత్స్, ఎత్స్, ఈత్స్' అని సాగితే మాత్రం చాలావరకు మీరు రూపమే.

నా సబ్‌స్క్రిప్షన్ ఈ నెలాఖరుకి అయిపోతుంది, మళ్ళీ కట్టట్లేదు. మర్యాద గుర్తులు పెట్టమని రెండుసార్లు మెయిల్ పెట్టా, సూచనకి ధన్యవాదాలు అని రొమేనియన్‌లోనే జవాబొచ్చింది, నన్ను 'తు' అని సంబోధిస్తూ.